కొత్త సిగార్లు వచ్చాయి సరే: కొత్త రేపరా, కొత్త సైజా, యానివర్సరీ పెట్టెనా, ఏది మేలు?

ఏటా పీసీఏ షో (అమెరికా ప్రీమియం సిగార్ అసోసియేషన్ వాణిజ్య ప్రదర్శన) ముగిసిన వారం నుంచీ ఒకటే ప్రశ్న: "ఈసారి వచ్చిన కొత్తవాటిలో ఒక్క పెట్టె కొనాలంటే ఏది కొనమంటారు?" డాలస్, ఎడిసన్ వైపు సిగార్ లాంజ్‌లకి వెళ్లేవాళ్లు అడుగుతారు. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకుందామనుకునే హైదరాబాద్ వాళ్లూ అడుగుతారు. బ్రాండ్ల పేర్లు వరసగా రాసి మార్కులు వేస్తే ఆ జాబితా వచ్చే ఏడాదికి దేనికీ పనికిరాదు. కొత్త సరుకు ఏ రకంగా కొత్తదో చూడటం తెలిస్తే ఏ ఏడాదైనా సరిపోతుంది.

షోలో కనిపించేవి దాదాపు నాలుగు తీరులు. పాత బ్లెండ్‌కి (పొగాకు మేళవింపుకి) కొత్త రేపర్, అంటే పైన కనిపించే ఆకు, చుట్టినవి. పాత బ్లెండ్‌నే కొత్త సైజులో తెచ్చినవి. కంపెనీకి ఇన్నేళ్లు నిండాయనో, పెద్దాయన పుట్టినరోజనో తీసిన యానివర్సరీ పెట్టెలు, వాటితో పాటు వచ్చే లిమిటెడ్‌లు. ఆఖరుగా పేరు, బ్లెండ్, ప్యాకింగ్ అన్నీ కొత్తవైన బ్రాండ్లు.

ఈ ఆఖరు రకం గురించి ఇక్కడే చెప్పేసి వదిలేస్తాను. కొత్త పొగాకు సరుకుకి ముందస్తు అనుమతి అడిగే ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ సంస్థ) నిబంధన 2016 ఆగస్టు 8న అమల్లోకి వస్తుందని తెలిసి, ఆ లోపే అరల్లో ఉండాలని చాలా కంపెనీలు హడావిడిగా కొత్త పేర్లు దింపాయి. 2023 ఆగస్టులో అమెరికా ఫెడరల్ జడ్జి అమిత్ మెహతా ప్రీమియం సిగార్ల వరకు ఆ నిబంధనను కొట్టేశాక ఆ భయం తీరింది. ఇప్పుడు కొత్త బ్రాండ్ పెట్టడానికి అప్పటంత అడ్డు లేదు, అందుకే వస్తూనే ఉంటాయి. ఒకటి కొని కాల్చండి. నచ్చితే ఏడాది ఆగి మళ్లీ ఒకటి కాల్చండి. అప్పటికీ అదే రుచి నిలబడితే పెట్టె సంగతి ఆలోచించవచ్చు. మిగిలిన మూడింటి మధ్యే అసలు పోటీ.

పోటీలోకి దిగే ముందు షో సంగతి కొంచెం. చాలా ఏళ్లు లాస్ వెగాస్‌లో జరిగి, 2025 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌కి మారిన ఈ ప్రదర్శన మనలాంటి వాళ్లకోసం కాదు. తయారీదారులు కొట్ల యజమానుల దగ్గర ఆర్డర్లు తీసుకునే చోటు అది. అక్కడ పంచే సాంపిల్ చాలావరకు ఫ్యాక్టరీలో చెయ్యి తిరిగిన జంట చుట్టినది, తొందర లేకుండా ఏజింగ్ గదిలో ఉంచినది. షో రిపోర్టులు చదివి మనం మోజుపడేది ఆ సాంపిల్ మీద. చేతికొచ్చేది మాత్రం ఆ తర్వాత కొన్ని నెలలకి, ఆర్డర్ల ఒత్తిడిలో చుట్టి పంపినది. బ్లెండ్ ఒకటే అయినా రుచి ఒకటే ఉంటుందన్న హామీ లేదు.

నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఇదే: చుట్టాక ఎన్నాళ్లు ఆగింది. బ్రాండ్, ధర, రేటింగ్ అన్నీ దాని తర్వాతే.

చుట్టే ముందు ఆకు విరిగిపోకుండా తడిపి మెత్తబరుస్తారు. ఆ తడికి ఆకు లోపల మళ్లీ కాస్త పులియడం మొదలై అమ్మోనియా వదులుతుంది. పైన చుట్టే రేపర్, దాని కింద కట్టే బైండర్, లోపల నింపే ఫిల్లర్ మూడూ మూడు రకాల తేమతో ఉంటాయి. స్పానిష్ సెడార్ చెక్క గదిలో ఉంచితే ఆ తేమ అన్నిటికీ సమానంగా సర్దుకుంటుంది, అమ్మోనియా పోతుంది. కొన్ని ఫ్యాక్టరీలు దీనికి కొన్ని వారాలే ఇస్తాయి, కొన్ని ఆరు నెలలు, ఇంకా ఎక్కువా ఇస్తాయి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని పాత బియ్యం వెతుక్కునే మనవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తొందరపడి బయటికి వచ్చిన సిగార్‌ని ముట్టించాల్సిన పాదం దగ్గర ముక్కు పెట్టి చూస్తే ఘాటు చురుక్కుమంటుంది. వెలిగించాక నాలుక మీద లోహపు చేదు, ఒక పక్కే కాలిపోవడం, మాటిమాటికీ ఆరిపోవడం. ఇవన్నీ బ్లెండ్ తప్పులని రివ్యూల్లో రాసేస్తుంటారు. సగం సార్లు అది తడి తప్పు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటి ఉంది. పెట్టె మీద రాసేది ఆకు వయసు. పడ్రోన్ వాళ్ల 1964 సిరీస్‌లో ఆకు నాలుగేళ్లు మాగినది, 1926 సిరీస్‌లో అయిదేళ్లది, ఫ్యామిలీ రిజర్వ్‌లో పదేళ్లది. బేళ్లలో ఆకు మాగడం వేరు, చుట్టిన సిగార్ ఆగడం వేరు. పదేళ్ల ఆకునైనా నిన్న తడిపి చుడితే నిన్నటి తడే ఉంటుంది. క్యూబా పెట్టెల అడుగున నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. మిగతా దేశాల పెట్టెల్లో చాలావాటికి అదీ ఉండదు. అందుకని ఒక్కో సిగార్‌కి తొడిగిన పారదర్శక కవర్, సెలోఫేన్, చూడండి. కొత్తది అద్దంలా తెల్లగా ఉంటుంది. ఆకు నూనె పట్టేకొద్దీ లోపలి వైపు తేనెరంగు తిరుగుతుంది. కొట్లో అదే బ్లెండ్ పాత పెట్టె పక్కన పెట్టి పోల్చితే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇక కొత్త రేపర్. ఒకే పేరు మీద షేడ్ (నీడలో పెంచిన ఆకు), మదూరో (బాగా పులియబెట్టిన నల్ల ఆకు), సన్ గ్రోన్ (ఎండలో పెంచిన ఆకు) అని వరసగా వచ్చేవన్నీ ఈ కోవలోవే. ఒలీవా సిరీస్ వీ మెలానియో 2012లో ఈక్వడార్‌లో పండిన సుమత్రా రకం రేపర్‌తో వచ్చింది, తర్వాత మెక్సికో సాన్ ఆండ్రెస్ ఆకుతో మదూరో వచ్చింది. పేరు ఒకటే అయినా పక్కపక్కన కాలిస్తే రెండు వేరువేరు సిగార్లు. మన పెదవికి తగిలేది రేపరే కాబట్టి మార్పు మొదటి దమ్ములోనే తెలుస్తుంది. కొత్తదనం కావాలంటే దీన్ని మించింది లేదు, అది ఒప్పుకోవాల్సిందే.

కానీ రేపర్ మార్చడమంటే చొక్కా మార్చినంత సులువు కాదు. కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్ దళసరి ఆకు, నూనె ఎక్కువ, నెమ్మదిగా కాలుతుంది. లోపల ఫిల్లర్ మార్చకుండా దాన్ని చుడితే లోపలిది ముందు కాలిపోయి పైది గొట్టంలా మిగులుతుంది. పలచని షేడ్ ఆకైతే కథ తిరగబడుతుంది: లోపల లిగెరో (మొక్క పైభాగంలోని ఘాటైన, నెమ్మదిగా కాలే ఆకు) బరువుగా ఉంటే పైది గబగబా కాలి, నిప్పు మొనదేలిన శంఖంలా బయటికి పొడుచుకొస్తుంది. అందుకే నిజాయితీగా చేసేవాళ్లు రేపర్‌తో పాటు బైండర్‌నీ లిగెరో పాళ్లనీ సర్దుతారు. కొత్తదాని వివరాల్లో బైండర్ గురించి కూడా మాట్లాడుతున్నారా, రంగు గురించి మాత్రమేనా అన్నది గమనించండి. రంగు ఒక్కటే చెబితే ఆగండి.

మదూరోతో ఇంకో చిక్కు. ఆ నలుపు ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం పులియబెట్టడం వల్ల రావాలి. దళసరి ఆకు తేమను పట్టుకుని వదలదు కాబట్టి చుట్టాక ఆగాల్సిన కాలమూ ఎక్కువే. షో అయిన మూడు నెలలకే కొట్టుకి చేరిన కొత్త మదూరో పెట్టె దగ్గర నేనైతే జాగ్రత్తగా ఉంటాను. ఒకటి ముట్టించి, పాదం దగ్గర ఘాటుంటే మిగతా పందొమ్మిదీ మూడు నెలలు మూసి పెట్టేయడమే.

(ప్రకాశం జిల్లాలో బ్యారన్లలో కాల్చే వర్జీనియా ఆకుతో సిగార్లు ఎందుకు రావని ఒకరిద్దరు అడిగారు. బ్యారన్ వేడిలో గబగబా ఆరిన ఆకులో చక్కెర మిగులుతుంది, అది సిగరెట్‌కి కావాలి. సిగార్ ఆకుని కొట్టాల్లో గాలికి వారాల తరబడి ఆరనిస్తారు, చక్కెర దాదాపు పోతుంది. మనవాటిలో దీనికి దగ్గరిది గోదావరి లంకల చుట్ట పొగాకు.)

కొత్త సైజు. షో రిపోర్టుల్లో ఒక లైనుతో సరిపెట్టేది ఇదే, నేను డబ్బు పెట్టేదీ ఇదే. బ్లెండ్ అప్పటికే మార్కెట్‌లో నిలబడింది. ఆకు గోదాముల్లో వరసగా మాగుతూ ఉంది. మారేది అచ్చు, చుట్టే తీరు. కంపెనీ కొత్తగా పందెం కాయాల్సిన పని లేదు కాబట్టి తొందరపెట్టి పంపాల్సిన పనీ తక్కువ. మీకు నచ్చిన బ్లెండే కాబట్టి మోసపోయే అవకాశమూ తక్కువే.

అయితే ఏ సైజన్నది ముఖ్యం. రింగ్ గేజ్ అంటే సిగార్ లావు, అంగుళంలో 64వ వంతుల లెక్కలో. సన్నగా పొడవుగా ఉండే 38 రింగ్ లాన్సెరో అడ్డం సుమారు 15 మిల్లీమీటర్లు, బాగా లావైన 60 రింగ్ గోర్డో దాదాపు 24. లావు 38 నుంచి 60కి పెరిగితే చుట్టుకొలత ఒకటిన్నర రెట్లు పైచిలుకు పెరుగుతుంది, లోపల పట్టే పొగాకు మాత్రం రెండున్నర రెట్లవుతుంది. అంటే లావు పెరిగేకొద్దీ రేపర్ వాటా పలచబడుతూ పోతుంది. ఖరీదంతా రేపర్‌లోనే ఉన్న బ్లెండ్‌ని 60 రింగ్‌లో కాల్చడం నా దృష్టిలో దండగ. కాసేపు చల్లని పొగ కావాలంతే అనుకునేవాళ్లకి గోర్డో బాగానే ఉంటుంది, కాదనను. మై ఫాదర్ అనే కంపెనీ వాళ్ల 'ది జడ్జ్' గ్రాండ్ రోబస్టో కూడా అయిదు అంగుళాల పొడవు, 60 రింగే, దానికే సిగార్ అఫిషియోనాడో పత్రిక 2024 సంవత్సరపు సిగార్ అని పట్టం కట్టింది. లావువాటికి రుచి ఉండదని నేననడం లేదు. కానీ ఒకే బ్లెండ్ లావు సైజులోనూ సన్న సైజులోనూ దొరికితే, రేపర్ మాట్లాడేది సన్నదాంట్లోనే.

సన్నదాని కష్టాలూ చెప్పాలి. మధ్యస్థ లావుండే టోరో సైజులో నాలుగైదు ఆకులు పట్టేచోట లాన్సెరోలో రెండు మూడే పడతాయి. ఒక్క ఆకు మెలిపడితే చాలు, దమ్ము బిగుసుకుపోతుంది. లిగెరో కాస్త ఎక్కువ పడిందా, సిగార్ అంతా దాని ఘాటే. అందుకే అందరికీ లాన్సెరో చుట్టే పని ఇవ్వరు. దమ్ము కొలిచే యంత్రం మీద బంచ్‌ని (ఇంకా రేపర్ చుట్టని ఆకుల కట్టని) పరీక్షించి ఆ తర్వాతే రేపర్ చుట్టే ఫ్యాక్టరీ అయితే దిగుల్లేదు. ఆ అలవాటు లేనిచోట పెట్టెకి రెండో మూడో బిగుసుకుపోయినవి తగులుతాయి. ముట్టించే ముందే తేల్చుకోవచ్చు: టోపీని, అంటే నోట్లో పెట్టుకునే కొస మూతని, రెండు మిల్లీమీటర్లు మించకుండా తిన్నగా కోసి, వెలిగించకుండానే లాగి చూడండి. సన్న గొట్టంలో చిక్కని పానీయం పీల్చినట్టు బరువుగా ఉంటే మెలి ఉన్నట్టే. అలాంటప్పుడు దమ్ము తెరిచే పొడవాటి సూదిని మధ్యలోకి నెమ్మదిగా దించి తిప్పి తీయాలి. తొందరపడి గుచ్చితే రేపర్ చీలుతుంది. వీ కట్ (వీ ఆకారంలో గాటు పెట్టే కోత) సన్నవాటికి వద్దు, లోతు ఎక్కువై చివర చితికిపోతుంది.

కాల్చేటప్పుడు కూడా ఓపిక కావాలి. సన్నది త్వరగా వేడెక్కుతుంది, వేడెక్కితే చేదు. నిమిషానికో, నిమిషంన్నరకో ఒక దమ్ము చాలు. పొట్టిగా లావుగా ఉండే రోబస్టోని లాగినట్టు లాగితే మూడో వంతు దాటకముందే నాలుక మండుతుంది, "ఈ బ్లెండ్ లాన్సెరోలో బాగాలేదు" అనే మాట అక్కడే పుడుతుంది. ఈ ఓపిక లేదనుకుంటే 42 లేదా 46 రింగ్ కరోనా సైజులు చూడండి. లాన్సెరో ఇచ్చే రుచిలో చాలావరకు ఇస్తాయి, ఇబ్బందులు సగమే. ఒక్క సలహా ఇవ్వమంటే అదే ఇస్తాను.

యానివర్సరీ, లిమిటెడ్ పెట్టెలు. వీటికి న్యాయంగా ఇవ్వాల్సిన మార్కు ఒకటుంది: వీటిని తొందరగా తోసేయరు. ఆకు పాతది వాడతారు, చుట్టాక కూడా ఎక్కువ ఆపుతారు. నేను పైన తేల్చే విషయమన్నది వీటిలోనే అందరికన్నా బాగా ఉంటుంది. అయినా పెట్టె కొనమని చెప్పను. కారణం, నచ్చాక ఏం చేస్తారు? టటుహే వాళ్ల మాన్‌స్టర్ సిరీస్‌లో మొదటిది, 'ది ఫ్రాంక్', 2008లో 666 పెట్టెలే, పెట్టెకి 13. నచ్చినవాళ్లు ఆ తర్వాత వేలంలో వెతుక్కోవడమే. రేటింగ్ వచ్చిందంటే మామూలు సరుకుకీ ఇదే గతి: లా ఫ్లోర్ డొమినికానా 'ఆండలూసియన్ బుల్' 2016లో సంవత్సరపు సిగార్ కాగానే అరల్లో మాయమైంది. లిమిటెడ్ పెట్టెల ధరలో మంచి వాటా చెక్కపెట్టెకి, సంఖ్య వేసిన బ్యాండ్‌కి, "మళ్లీ దొరకదు" అన్న భయానికి పోతుంది.

అన్ని యానివర్సరీలూ మాయమైపోవు, అదీ నిజం. పడ్రోన్ 1964 యానివర్సరీ కంపెనీకి 30 ఏళ్లు నిండినందుకు 1994లో వచ్చింది. ఇప్పటికీ మామూలు సరుకుగా దొరుకుతోంది. దాని టార్పెడోకి 2021లో సంవత్సరపు సిగార్ పేరొచ్చింది, అంటే మార్కెట్లోకి వచ్చిన 27 ఏళ్లకి. 'ది జడ్జ్' కూడా 2016లో వచ్చి 2024లో గెలిచింది. కొత్తది దక్కకపోతే ఏదో పోయిందని దిగులుపడేవాళ్లు ఈ రెండు తేదీలు గుర్తుంచుకుంటే చాలు. యానివర్సరీ పెట్టె చూసి మనసాగకపోతే విడిగా రెండు కొనండి. ఒకటి వెంటనే, రెండోది ఏడాది తర్వాత. పెళ్లికో ఇంటి శుభకార్యానికో కానుకగా ఇవ్వాలంటే మాత్రం పెట్టె అందమూ లెక్కలోకి వస్తుంది, అక్కడ యానివర్సరీయే సరి.

షోకి హాజరైన కొట్లకే ఇచ్చే పీసీఏ ఎక్స్‌క్లూజివ్‌లు కూడా ఈ కోవలోకే వస్తాయి. చాలావరకు అవి పాత బ్లెండ్‌కి కొత్త సైజు. మీ ఊరి కొట్లో ఉంటే, పైన సైజు గురించి చెప్పినదంతా వాటికీ వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో రెట్టింపు ధరకి కొనేంత విషయం వాటిలో లేదు.

ఏది కొన్నా, వచ్చిన రోజే ముట్టించకండి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, ప్రతి పాతిక సిగార్లకి ఒక 60 గ్రాముల బోవెడా ప్యాక్ (తేమని ఒకే స్థాయిలో నిలిపే సంచి) పెట్టి ఉంచండి. మామూలువాటికి 65 శాతం తేమ ప్యాక్, బ్రాడ్‌లీఫ్ మదూరోకి 62. ప్రయాణపు కుదుపు తగ్గడానికి రెండు వారాలు చాలు. అమ్మోనియా పోవడానికి రెండు మూడు నెలలు కావాలి. 69, 72 ప్యాక్‌లు కొట్టువాళ్లు అలవాటుగా ఇస్తారు, కానీ మన వానాకాలంలో ఆ తేమకి బూజు పట్టే ప్రమాదం ఉంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అసలు సమస్య తేమ కాదు, వేడి. గది 24 డిగ్రీలు దాటితే ఆకులో ఉన్న పొగాకు పురుగు గుడ్లు పిల్లలయ్యే ప్రమాదం మొదలవుతుంది. రేపర్ మీద గుండుసూది గుచ్చినట్టు చిల్లు, డబ్బా అడుగున సన్నని గోధుమరంగు పొడి కనిపించాయంటే ఆలస్యమైపోయినట్టే. చాలా ఫ్యాక్టరీలు పంపే ముందే గడ్డకట్టిస్తాయి. అయినా నమ్మకం లేకపోతే సిగార్లని రెండు జిప్ కవర్లలో పెట్టి గాలి తీసేసి, ఒకరోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి ఆ తర్వాత బయట పెట్టండి. మధ్యలో ఫ్రిజ్ మెట్టు వదిలేస్తే చటుక్కున మారిన వేడికి రేపర్ పగుళ్లిస్తుంది, సన్న సైజులు మరీను. వేసవంతా నిల్వ పెట్టాలనుకునేవాళ్లు 18 డిగ్రీలకి పెట్టుకునే చిన్న వైన్ కూలర్ కొనుక్కోవడం మేలు. ఫ్రిజ్‌లో శాశ్వతంగా పెట్టకండి, ఎండిపోతాయి, పులుసు వాసనా పడుతుంది.

లిగెరో బరువుగా ఉన్నవాటిని ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి, తల తిరుగుతుంది. పొగ మింగం కదా, సిగార్ వల్ల ఏమీ కాదనే మాటలూ నమ్మకండి. నోటికీ గొంతుకీ ముప్పు ఉంది.

అమెరికా నుంచి ఎవరిచేతైనా తెప్పించుకుంటే, మనిషికి 25 సిగార్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. సిగరెట్లు కూడా తెస్తే రెండింటికీ విడివిడిగా మినహాయింపు ఉండదు, ఏదో ఒకదానికే. 24 ఉన్న పెట్టె అయితే ఒక్క పెట్టె సరిగ్గా ఇమిడిపోతుంది. జిప్ కవర్లో చిన్న బోవెడా ప్యాక్‌తో చేతి సామానులో పెట్టమనండి. అదే వ్యక్తి తిరిగి వెళ్తూ దుబాయ్‌లో క్యూబా పెట్టె కొనాలనుకుంటే వద్దని చెప్పండి. 2020 సెప్టెంబర్ నుంచి ప్రయాణికులు వాటిని సొంత వాడకానికి కూడా అమెరికాలోకి తీసుకెళ్లకూడదు.